కజుకో కాదు

మొదట గిన్నెలు వినిపించాయి.

ఇంటావిడ మకతో ఇంకా కళ్ళు తెరవలేదు. అరలో బోర్లించిన రెండు టీ గిన్నెలు, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు, ఒకదానికొకటి తగిలి కటకటలాడుతున్నాయి. గాలి లేదు. భూకంపమైతే ఒక ఊపు ఊపి వదిలేస్తుంది. ఇది వదలడం లేదు. నేల లోపలినుంచి చాపలోకి, చాపలోనుంచి వెన్నులోకి పాకుతోంది ఆ అదురు. కొంతసేపటికి గిన్నెల చప్పుడు వెనకనుంచి అసలు చప్పుడు తల ఎత్తింది. కొండ అవతల బుల్‌డోజర్ గొంతు సవరించుకుంటోంది.

గురువారం వస్తుందన్నారు. ఇవాళ మంగళవారం.

ఆమె చాప మీద లేచి కూర్చుని, రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఆ అదురు ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడానికి ప్రయత్నించింది. తెలుసుకోవలసిందేమీ లేదు. సైనిక స్థావరపు కంచె లోపల ఉన్న గుహను పూడ్చివేసి, విమానాలు దిగే దారిని సముద్రం దాకా పొడిగిస్తామని అమెరికా సైన్యపు కార్యాలయం ఊరి పెద్దకు కాగితం పంపి పది రోజులైంది. మూడేళ్ళ కిందట అదే కార్యాలయం ఊరి చెరకు తోటలు తీసుకుంది, చిలగడదుంప చేలు తీసుకుంది, చివరికి ఊరినే పెకలించి ఈ రాళ్ళ వాలు మీద విసిరింది. అప్పుడు గుహ జోలికి మాత్రం రాలేదు. పదేళ్ళ కిందటి యుద్ధంలో ఆ గుహ వాకిట్లోనే మకతో కూతురు చనిపోయింది. ఏడేళ్ళ పిల్ల.

ఇంటికి దూరంగా, హఠాత్తుగా పోయిన మనిషి జీవుడు పోయిన చోటనే కూర్చుంటాడని ఒకినావా ద్వీపంలో అందరూ ఎరుగుదురు. తనవాళ్ళెవరైనా అక్కడికి వెళ్ళి, అగరు వెలిగించి, మూడు రాళ్ళు ఏరి, పేరు పెట్టి బిగ్గరగా పిలవాలి. పిలిస్తే ఆ రాళ్ళను పట్టుకుని ఇంటికి వస్తాడు. రాళ్ళను జాడీలో పెట్టి వంశపు సమాధిలో ఉంచుతారు. పిలవకపోతే అక్కడే, ఎండకూ వానకూ, ఎవరో వస్తారని చూస్తూ. మకతో తన భర్తను అలాగే తెచ్చుకుంది. దక్షిణాన ఏదో కొండ వాలులో, ఎముక కూడా దొరకని చోట, ఆయన పేరు మూడుసార్లు పిలిచి, మూడు రాళ్ళు ఒడిలో వేసుకుని నడిచి వచ్చింది. దారంతా ఒడి బరువుగా ఉంది. కూతురి కోసం సోదెమ్మతో వెళ్ళి తెచ్చిన రాళ్ళకు మాత్రం రాళ్ళ బరువే ఉంది. ఆ సంగతి ఆరేళ్ళుగా ఆమె ఎవరితోనూ అనలేదు.

గుహ మూసుకుపోతే పిల్ల లోపలే ఉండిపోతుంది. పైన విమానాలు దిగుతూ ఉంటాయి.

"లేచావా మరదలా?" తలుపు తోసుకుంటూ నాబీ వచ్చింది. మకతో భర్తకు అక్క, అరవై ఏళ్ళ మనిషి. వేళ్ళ మీద నీలి పచ్చబొట్లు. జపాను పోలీసులు పచ్చబొట్లు నేరమన్న రోజుల్లో, పశువుల పాకలో దాక్కుని పొడిపించుకున్నవి. "నిన్ను లేపడానికి ఆ ఇనప దున్నపోతు రావాల్సొచ్చింది."

"గురువారం అన్నారు కదా వదినా."

"అన్నారు. మూడేళ్ళ కింద మీ ఇళ్ళకేం కాదు అని కూడా అన్నారు. వాళ్ళ గురువారం ఎప్పుడొస్తుందో వాళ్ళమ్మకి కూడా తెలీదు. లే. అగరు తెచ్చా, సారా తెచ్చా, గుప్పెడు బియ్యం తెచ్చా."

"ఊరి పెద్ద ఏమంటాడో."

"ఏమంటాడు, నియమాలు చదువుతాడు."

ఆ నియమాలు ఊరివాళ్ళు తమకు తాము రాసుకున్నవి. సైనికులతో మాట్లాడేటప్పుడు కూర్చునే మాట్లాడాలి. చేతులు చెవులకంటే పైకి ఎత్తకూడదు. గొంతు పెంచకూడదు. నిలబడితే తిరగబడ్డారంటారు, చెయ్యెత్తితే కొట్టబోయారంటారు, అరిస్తే గుంపు అంటారు. మాటకు మాట కాదు, ఓర్పుకు ఓర్పు అని పెద్దలు తీర్మానించి కాగితం మీద వేలిముద్రలు వేశారు. ఆ కాగితం మీద మకతో వేలిముద్ర కూడా ఉంది. మూడేళ్ళలో ఆమె ఒక్క నియమమూ తప్పలేదు. గొంతు పెంచకపోవడం ఆమెకు కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు.

నాబీ గడప మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంది. "ఒక్క మాట చెప్పు. అక్కడికెళ్ళి మళ్ళీ ఆ బడిలో పెట్టిన పేరే పిలుస్తావా?"

మకతో తల వంచుకుని నడికట్టు బిగించుకుంటోంది.

"నిన్నే. సోదెమ్మ పేరేంటి అనడిగితే నువ్వు కజుకో అన్నావు. నేను పక్కనే ఉన్నా. నోరు మూసుకున్నా, అదే నా తప్పు. ఆవిడ గొంతు చించుకుని కజుకో కజుకో అని పిలిచింది. ఎవరొస్తారే? ఆ పేరుకి పలికేది హాజరు పట్టీ ఒక్కటే."

"నోరు తిరగలేదు వదినా."

"పదేళ్ళయింది. ఇంకెప్పుడు తిరుగుతుంది? దాని అసలు పేరు మా అమ్మ పేరు కూడానే. మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టుకున్నాం. నువ్వు వింటే ఏమైపోతావో అని మా అమ్మని కూడా పేరు పెట్టి తలుచుకోలేకపోతున్నా నేను. ఒక్కదాని కోసం ఇద్దర్ని పాతిపెట్టావు."

మకతో కుండలోని ఉడికిన దుంప రెండు ముక్కలు చేసి, ఒక ముక్క వదినకు ఇచ్చి, రెండోది తాను తినకుండా గుడ్డలో కట్టుకుంది. పిల్లకు వేడి దుంప ఇష్టం.

దారి మొగలి పొదల మధ్యనుంచి దిగుతుంది. ముళ్ళు చీరుకోకుండా ఒకరి వెనక ఒకరు నడిచారు. అడుగడుక్కీ అదురు పెరుగుతోంది. ఆ అదురులో మకతోకు ఇంకో అదురు వినిపించడం మొదలైంది.

ఆ రోజు గుహ లోపల కూడా ఇలాగే నేల కదిలింది. లోతట్టు చోటంతా జపాను సైనికులు తీసుకుని ఊరివాళ్ళను వాకిలి వైపు నెట్టారు. ద్వీపం భాషలో నోరు విప్పినవాణ్ణి గూఢచారిగా ఎంచుతామని హవల్దారు ముందే చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. పళ్ళూడిపోయిన ముసలాయన ఒకడు, వేరే భాష రాక, దాహం దాహం అని ద్వీపం భాషలో గొణిగితే, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయారు. సైనికుడు ఒక్కడే తిరిగి వచ్చాడు. అప్పటినుంచి తల్లులు పిల్లల నోళ్ళమీద చేతులు వేసుకుని కూర్చున్నారు.

మూడోనాడు వాన కురిసింది. వాకిట్లో రాతి గుంటలో నీళ్ళు నిలిచి మెరిశాయి. పిల్ల ఆ మెరుపు చూసింది. తల్లి ఒళ్ళోనుంచి జారి, నాలుగు కాళ్ళ మీద, చప్పుడు చేయకుండా, మంచి పిల్లలా వాకిలి వైపు పాకింది. మకతో నోరు తెరిచింది. ఇంట్లో పెట్టిన పేరు, ముద్దు పేరు, పుట్టిన నాటినుంచి పిలిచిన పేరు నాలుక మీదికి వచ్చింది. హవల్దారు తల తిప్పి చూశాడు.

ఆమె "కజుకో" అని పిలిచింది. అతని భాషలో, లోగొంతుతో, "కజుకో, ఇలా రా" అంది.

అది అయ్యవారు పెట్టిన పేరు. ద్వీపం పేర్లు మోటుగా ఉంటాయని బడిలో చేర్చుకున్న రోజే మార్చి రాశాడు. పిల్ల బడికి వెళ్ళింది నలభై రోజులు. ఆపైన బడిని సైనికులు బసగా తీసుకున్నారు. కజుకో ఎవరో ఆ పిల్లకు తెలియదు. ఎవరినో పిలుస్తున్నారనుకుంది. వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ దోసిలి పట్టి, గుంటలోని నీళ్ళు, తనకు కాదు, అమ్మకు తేవడానికి కాబోలు, జాగ్రత్తగా పైకెత్తింది. అంతలో ఫిరంగి గుండు పడింది.

అసలు పేరుతో పిలిచి ఉంటే తిరిగేది. ఈ ఒక్క వాక్యం మకతో నోట్లో పదేళ్ళుగా రాయిలా పడి ఉంది.

కంచె ద్వారం దగ్గర అడ్డకర్ర దించి ఉంది. ఒక ఎర్రజుట్టు సైనికుడు, బుగ్గలో ఏదో నములుతూ నిలబడ్డాడు. పక్కన చేతికి పట్టీ కట్టుకున్న చోకెన్. పొరుగు వీధి కుర్రవాడే. ఇంగ్లీషు వచ్చినందుకు దుబాసీ ఉద్యోగం ఇచ్చారు. వీళ్ళను చూడగానే అతని ముఖం వాడిపోయింది.

"పెద్దమ్మా, ఇవాళ వద్దు."

"ఒరేయ్ చోకెన్, అన్నం తిన్నావా?" అంది నాబీ.

"తిన్నాను పెద్దమ్మా."

"తిన్నట్టు లేవు. వీడు చూడు, పొద్దున్నే ఆవులా నెమరేస్తున్నాడు. వీడికి చెప్పు, గుహ దగ్గరికెళ్ళి అగరు వెలిగించుకుని వస్తామని."

చోకెన్ చెప్పాడు. సైనికుడు తల అడ్డంగా ఊపి, చెక్కపలకకు తగిలించిన కాగితాలు తిరగేశాడు. ఒక చోట వేలు పెట్టి ఏదో అన్నాడు. చోకెన్ ఆ వేలి కింద చదివి, మకతో వైపు చూడకుండా మాట్లాడాడు.

"పిన్నీ, లోపల తమవాళ్ళ అవశేషాలున్న కుటుంబాలకే అనుమతట. మన ఊరి పెద్ద ఇచ్చిన జాబితాలో మీ ఇంటిది ఉంది. కజుకో, ఏడేళ్ళు, తీసుకుపోయారు అని రాసుంది. అంటే, ఈ కాగితం ప్రకారం ఆమె బయటికి వచ్చేసింది. లోపల మీవాళ్ళు ఎవ్వరూ లేరు."

"చూశావా," అంది నాబీ. "రానిదాన్ని వచ్చిందని రాసుకుంటే, వాళ్ళు నిజమనుకోరూ మరి?"

మకతో నియమం ప్రకారం ద్వారం ముందు మట్టిలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గొంతు తగ్గించుకుంది. "లోపల ఉన్నది కజుకో కాదు నాయనా."

"మరెవరు పిన్నీ?"

పెదవులు విడిపోయాయి. చెయ్యి దుంప మూట మీదికి వెళ్ళింది. సైనికుడు కాగితం మీద పెన్సిలు ఆనించి ఎదురు చూశాడు. ఏదో అడిగాడు.

"పేరు చెప్తే రాసుకుంటాడట. పై కార్యాలయానికి పంపిస్తాడట. వారంలో జవాబొస్తుందట."

"వారంలోనా!" నాబీ నవ్వింది. "ఒరేయ్, ఆ దున్నపోతు వారం ఆగుతుందటా? అది కూడా అడుగు."

"పెద్దమ్మా, నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం నాకు తెలుసులే. బడిలో మన మాట మాట్లాడావని మెడలో చెక్కబిళ్ళ వేసి నిలబెట్టారు. ఏడ్చుకుంటూ మా ఇంటికొచ్చి బెల్లం ముక్క తిన్నావు. ఇప్పుడు ఆ బిళ్ళ చేతి మీదికి దిగింది, అంతే కదా? పోనీలే. నీ తప్పా ఏంటి?"

చోకెన్ చేతి పట్టీ వైపు చూసుకుని, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

కొండ మలుపులో బుల్‌డోజర్ గొంతు మారింది. ఇంతసేపూ రొద చేస్తూ నడిచినది, ఇప్పుడు ఏదో బరువు నెడుతూ మూలిగింది. రాళ్ళు రాలిన చప్పుడు. మకతో ఆ చప్పుడు గుర్తుపట్టింది. గుహ వాకిట్లో రాయి పడితే లోపల ప్రతిధ్వని వస్తుంది. ఆ ప్రతిధ్వని ఇప్పుడు సగమే వచ్చింది.

ఆమె లేచింది. చోకెన్‌తో అంది, "పేరు అతను రాసుకోడానికి కాదు నాయనా. పిల్లకి వినపడ్డానికి."

అడ్డకర్ర కిందనుంచి వంగి అవతలికి వెళ్ళింది.

"అమ్మో, ఇది నడుస్తోందే!" నాబీ మోకాళ్ళు మరిచిపోయింది. అగరు మూట చంకలో పెట్టుకుని వెనకే దూరింది. సైనికుడు కేకేశాడు. తుపాకి భుజం మీదనుంచి చేతిలోకి వచ్చింది. నాబీ నడక ఆపకుండా వెనక్కి తిరిగి అరిచింది. "ఒరేయ్ చోకెన్, ముసలిదాన్ని వెనకనుంచి కాలిస్తే ఏడు జన్మలు పాపమని చెప్పు. కాల్చాలనుంటే ముందుకు రమ్మను, ముఖం చూసి కాల్చమను!"

చోకెన్ ఏం చెప్పాడో తెలియదు. తుపాకి పేలలేదు. రెండు జతల బూట్లు వెనకనుంచి పరుగెత్తాయి.

ఒకప్పటి చెరకు తోటలో ఇప్పుడు చదునైన తెల్ల మట్టి. నీడ లేదు. గట్లు లేవు. ఎవరి చేను ఎక్కడ మొదలయ్యేదో చెప్పడానికి గడ్డిపోచ కూడా లేదు. కానీ కాళ్ళకు తెలుసు. ఇక్కడ కాలువ దాటాలి, ఇక్కడ కుడికి తిరగాలి, ఇక్కడ మామగారి చేను అయిపోతుంది అని కాళ్ళు చెబుతూనే ఉన్నాయి. మకతో లేని కాలువను దాటింది. లేని గట్టు మీద నడిచింది.

గుహ వాకిలి నడుము ఎత్తు వరకూ తెల్లరాళ్ళతో నిండిపోయింది. పసుపు రంగు యంత్రం ఇంకో కుప్పను ఇనప పార ముందు పెట్టుకుని నిలబడి ఉంది. నడిపేవాడు ఉత్తరాది ఊళ్ళనుంచి కూలికి వచ్చిన ద్వీపం మనిషే. ఇద్దరు ఆడవాళ్ళు వాకిటికి అడ్డంగా వచ్చి కూర్చోవడం చూసి యంత్రాన్ని ఆపాడు. ఆపాడే గాని ఇంజను ఆర్పలేదు. అది ఉన్నచోటనే ఊగుతూ రొద పెడుతోంది.

నాబీ గాలికి వీపు పెట్టి నల్ల పలక అగరు వెలిగించింది. సారా చిలకరించింది. బియ్యం పోసింది. మకతో గుడ్డలోని దుంప ముక్క తీసి పక్కన పెట్టింది. తరువాత వంగి వెతికింది. నీళ్ళు నిలిచిన ఆ రాతి గుంట కుప్ప కింద పడిపోయింది. దాని అంచు మాత్రం జానెడు బయటికి ఉంది. ఆ అంచు పక్కనుంచి ఒక రాయి తీసింది. మరొకటి. మూడోదానికి చేతులతో తవ్వవలసి వచ్చింది. గోళ్ళు విరిగాయి. మూడు రాళ్ళూ ఒడిలో వేసుకుని కూర్చుంది.

"పిలు," అంది నాబీ.

ఆమె పెదవులు కదిలాయి. ఇంజను రొదలో నాబీకి కూడా ఏమీ వినపడలేదు. వినపడవలసినది ఆ పెదవులమీద లేదు. హవల్దారు ఇంకా గుహ లోపల తల తిప్పి చూస్తూనే ఉన్నాడు. పదేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. యుద్ధం ఓడి, తుపాకి దింపి, ఓడెక్కి పోయినా, ద్వీపమే చేతులు మారినా, ఆ చూపు మాత్రం గుహలో కాపలా మానలేదు.

సైనికుడు వచ్చి పడ్డాడు. ఎర్రని ముఖం, చెమట. ఏదో అరిచాడు. చోకెన్ ఆయాసపడుతూ వంగాడు. "పిన్నీ, లేచి వచ్చెయ్యమంటున్నాడు. ఇక్కడ గొడవ చెయ్యకూడదట. అరవకూడదట."

మకతో తల ఎత్తి చూసింది. సైనికుణ్ణి కాదు, అతని భుజం మీదుగా కనిపిస్తున్న కంచెను, కంచె మీదుగా కనిపిస్తున్న సముద్రాన్ని. ఒకడు ఈ భాషలో మాట్లాడవద్దన్నాడు. ఇంకొకడు ఏ భాషలోనూ అరవవద్దంటున్నాడు. వీళ్ళిద్దరికీ మధ్య ఒక పిల్ల దోసిట్లో నీళ్ళు పట్టుకుని, తనను ఎప్పుడు పిలుస్తారా అని చూస్తోంది.

"నేనింకా అరవలేదు నాయనా," అంది. "ఇప్పుడు అరుస్తాను. ఆ మాట అతనికి చెప్పు."

చోకెన్ సైనికుడి వైపు తిరిగి, మాట పొల్లుపోకుండా, ఆమె అన్నది అన్నట్టుగా ఇంగ్లీషులో చెప్పాడు. చెప్పి పక్కకు జరగలేదు. ఆమెకూ తుపాకికీ మధ్య ఉన్న చోటులో, నాబీ పక్కన మట్టిలో కూర్చున్నాడు.

మకతో నిలబడింది. మొదటి నియమం పోయింది. ఒడిలోని మూడు రాళ్ళనూ ఎడమచేత్తో పొట్టకు అదుముకుని, కుడిచెయ్యి తలకంటే పైకి ఎత్తింది. పొద్దు వాలేవేళ చేను గట్టున నిలబడి, ఆటలో పడి అన్నం మరిచిన పిల్ల కోసం తల్లి ఎత్తినంత ఎత్తు. రెండోదీ పోయింది. ఊపిరి కడుపు అడుగునుంచి తీసింది. అగరు పొగ, ఇంజను పొగ, తడిరాయి వాసన, అన్నీ కలిసి లోపలికి వెళ్ళాయి. ఇంజను ఆగలేదు. ఆగాలని ఆమె ఎదురు చూడనూ లేదు. దానికంటే పెద్ద గొంతుతో, హవల్దారు చూస్తుండగా, సైనికుడు చూస్తుండగా, అమ్మ దగ్గర నేర్చుకున్న ద్వీపం భాషలో, ఆ చీకటి వాకిట్లోకి పిలిచింది.

"చాలు తల్లీ, ఆ నీళ్ళు వదిలెయ్. ఇంటికి పోదాం రా. మాజిరూ!"